ఫోరెన్సిక్ పరిశోధకులతో గంటసేపు కూర్చునే అవకాశం వస్తే: విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

నేరాల్లో దొరికిన ఆధారాలను సైన్స్‌తో పరీక్షించే ఫోరెన్సిక్ రంగం నుంచి ఎవరైనా కాలేజీకి వచ్చి గెస్ట్ లెక్చర్ ఇచ్చాక "ఆసక్తి ఉన్న విద్యార్థులు వారితో కాసేపు మాట్లాడొచ్చు" అని నోటీసు పెడతారు. చాలామంది వెళ్తారు, కూర్చుంటారు, "సీరియల్స్‌లో చూపించేదంతా నిజమేనా మేడం?" అని ఒకరు, "ఈ ఫీల్డ్‌లోకి రావాలంటే ఏ కోర్సు చేయాలి సార్?" అని ఇంకొకరు అడుగుతారు, గంట అయిపోతుంది. అలా అడగడం తప్పేం కాదు, కానీ ఆ రెండింటికీ జవాబు ఇంట్లో కూర్చుని వెతికినా దొరుకుతుంది. వెతికితే దొరకనిది ఒకటుంది. చేతిలో ఉన్న ఫలితం అటో ఇటో తేలడం లేదు, దాని మీద ఒక మనిషి జైలుకెళ్లడమో బయటికి రావడమో ఆధారపడి ఉంది, అప్పుడు ఆ పని చేసే వ్యక్తి ఏం చేస్తారు, రిపోర్టులో ఏం రాస్తారు, ఆ రోజు ఇంటికెళ్లాక ఎలా ఉంటారు? ఆ గంటను దీనికోసం వాడుకోండి. ఎలా సిద్ధం కావాలో, ఎలా అడగాలో ఒక్కొక్కటే చెప్తాను.

1. వచ్చేది ఎవరో ముందు తెలుసుకోండి

"ఫోరెన్సిక్" అనే ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి పెద్దగా పోలిక లేని పనులు ఉన్నాయి. డీఎన్ఏ చూసేవారు వేరు, రక్తంలో విషం, మందులు, మత్తుపదార్థాలు వెతికే టాక్సికాలజీ వారు వేరు, తుపాకులు తూటాలు పరిశీలించేవారు వేరు, సంతకాలూ చేతిరాతలూ చూసేవారు వేరు, ఫోన్లూ హార్డ్‌డిస్కులూ తవ్వే డిజిటల్ వాళ్లు వేరు, ఎముకలను బట్టి వయసూ ఎత్తూ అంచనా కట్టేవారు వేరు, శవం మీద చేరిన ఈగల పురుగులు ఎంత పెరిగాయో చూసి చనిపోయి ఎన్నాళ్లయిందో లెక్కకట్టే కీటక శాస్త్రవేత్తలు వేరు. పోస్ట్‌మార్టం చేసేది మెడిసిన్ చదివిన డాక్టర్లు, ఆ దారే వేరు. డిజిటల్ ఫోరెన్సిక్స్ చేసే ఆవిడను పోస్ట్‌మార్టం గురించి అడిగితే మర్యాదకి ఏదో చెప్తారు గానీ, ఆ ఐదు నిమిషాలు పోయినట్టే.

ఇంకో తేడా కూడా ఉంది, చాలామంది విద్యార్థులకు ఇది చివరి దాకా అర్థం కాదు. కేసుల్లో పనిచేసేవారు వేరు, పరిశోధకులు వేరు. కేసు పని చేసేవారి దగ్గరికి సీలు వేసిన ఆధారం వస్తుంది, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ప్రతిసారీ సంతకంతో రాసిపెట్టాలి, ముందే నిర్ణయించిన పద్ధతిలోనే పరీక్ష చేయాలి, రిపోర్టు రాయాలి, పిలిస్తే కోర్టుకెళ్లి సాక్ష్యం చెప్పాలి. ల్యాబుల నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 17025 ప్రకారం గుర్తింపు పొందిన ల్యాబ్ అయితే సొంతంగా "ఇలా చేసి చూద్దాం" అనే వీలు చాలా తక్కువ. పరిశోధకుల పని అసలు ఆ పద్ధతి ఎంతవరకు నమ్మదగినదో తేల్చడం, ఎక్కడ తప్పుతుందో పట్టుకోవడం, ఇంతకన్నా మంచిది తయారుచేయడం. కొందరు రెండూ చేస్తారు. మీ దగ్గరికి వచ్చేవారు ఇందులో ఎవరో తెలియకుండా వెళ్లొద్దు. మీకు "కేసులు" కావాలి, వారికి "పద్ధతులు" ఇష్టం అయితే, మీరు అడిగేదొకటి వారు చెప్పేదొకటి అవుతుంది.

2. వారి పరిశోధన పేపర్ ఒక్కటి చదవండి, మొత్తం అర్థం కాకపోయినా

ఒక్కటి చాలు. పది పేపర్ల శీర్షికలు బట్టీ పట్టి వెళ్లడం కన్నా ఒక్కదాన్ని సగం అర్థం చేసుకుని వెళ్లడం మేలు. మొదట సారాంశం చదవండి, తర్వాత ముందుమాట లాంటి భాగంలో చివరి పేరా చూడండి, వాళ్లు ఏ ప్రశ్నకు జవాబు వెతికారో మామూలుగా అక్కడే ఉంటుంది. పద్ధతుల భాగాన్ని మొదటిసారి దాటేసినా ఫర్వాలేదు. పటాలు, పట్టికలు చూడండి. ఆ తర్వాత చివర్లో "మా అధ్యయనానికి ఉన్న పరిమితులు" అని రాసుకుంటారు, దాన్ని మాత్రం రెండుసార్లు చదవండి. ఎందుకంటే మంచి ప్రశ్నలు అక్కడే పుడతాయి. "మీరు 20 మంది నుంచే నమూనాలు తీసుకున్నామని రాశారు, 200 మందిని తీసుకోవడానికి అడ్డు ఏమొచ్చింది?" అని అడిగితే చూడండి, నిధుల దగ్గర్నుంచి ఎథిక్స్ కమిటీ అనుమతుల దాకా, మనుషులు నమూనాలు ఇవ్వడానికి ఎందుకు భయపడతారన్న దాకా, పరిశోధన అంటే నిజంగా ఎలా ఉంటుందో మొత్తం బయటికి వస్తుంది. అర్థం కాని చోటు ఉంటే దాచుకోవద్దు, "ఈ పటం నాకు ఇక్కడిదాకా అర్థమైంది, ఇక్కడ ఆగిపోయాను" అని వేలు పెట్టి చూపించండి. రాసినవాళ్లకు అంతకన్నా ఇష్టమైన ప్రశ్న ఉండదు.

3. నాలుగు సంఘటనలు తెలుసుకుని వెళ్లండి

చరిత్ర అంతా అక్కర్లేదు. ఈ రంగం ఎందుకు ఇలా ఉందో చెప్పే సంఘటనలు కొన్ని తెలిస్తే చాలు, మాట లోతుకి వెళ్తుంది.

1984లో ఇంగ్లాండ్‌లోని లెస్టర్ యూనివర్సిటీలో అలెక్ జెఫ్రీస్ అనే జన్యుశాస్త్రవేత్త డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, అంటే డీఎన్ఏని బట్టి మనిషిని గుర్తించే పద్ధతి, కనిపెట్టారు. రెండేళ్లలోనే అక్కడి పోలీసులు ఇద్దరు అమ్మాయిల హత్యల విషయంలో ఆయన సాయం అడిగారు. అప్పటికే 17 ఏళ్ల కుర్రాడు ఒకడు ఒక హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు కూడా. డీఎన్ఏ చూస్తే ఆ రెండూ ఒకే మనిషి చేసినవి, ఆ మనిషి ఈ కుర్రాడు కాదు. అసలు నేరస్థుడికి 1988లో శిక్ష పడింది. డీఎన్ఏ అనగానే దొంగని పట్టుకోవడమే గుర్తొస్తుంది మనకి, కానీ ఒక హత్య కేసులో అది చేసిన మొదటి పని ఒక నిర్దోషిని విడిపించడం. నాకు ఈ రంగం మీద గౌరవం కలిగింది ఇక్కడే.

2004లో స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు పేలాయి. బాంబులు పేల్చే డిటోనేటర్లున్న సంచి మీద దొరికిన వేలిముద్ర అమెరికాలో ఉన్న ఒక లాయర్‌దని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. ఒకరు కాదు, అనుభవం ఉన్నవాళ్లు పలువురు. ఆయన్ని రెండు వారాలు నిర్బంధించారు కూడా. తర్వాత స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర వేరే మనిషిదని గుర్తించారు, ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. 2006లో ఇటియల్ డ్రోర్ అనే మానసిక శాస్త్ర పరిశోధకుడి బృందం ఇంకో పరీక్ష చేసింది. ఐదుగురు వేలిముద్రల నిపుణులు కొన్నేళ్ల క్రితం తామే "సరిపోయాయి" అన్న ముద్రలను మళ్లీ వాళ్లకే ఇచ్చి, ఇవి ఆ మాడ్రిడ్ పొరపాటు తాలూకు ముద్రలని చెప్పారు. ఐదుగురిలో నలుగురు తమ పాత నిర్ణయం మీద నిలబడలేదు. ముద్ర మారలేదు, చెవిలో పడిన మాట మారింది, అంతే.

మూడోది జర్మనీలో. ఏళ్ల తరబడి ఒకే ఆడమనిషి డీఎన్ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో 40 దాకా నేరస్థలాల్లో దొరుకుతూ వచ్చింది, హత్యల్లోనూ, చిన్న దొంగతనాల్లోనూ. 2009లో తేలిందేమిటంటే అలాంటి నేరస్థురాలే లేదు. నమూనాలు తీసే దూది పుల్లలను ప్యాక్ చేసేచోట పనిచేసే ఒకావిడ డీఎన్ఏ వాటికి అంటుకుని ఉంది. పుల్లలు స్టెరైల్‌గానే ఉన్నాయి, కానీ స్టెరైల్ చేస్తే క్రిములు చస్తాయి గానీ డీఎన్ఏ పోతుందని లేదు. ఇలాంటి సామగ్రి మీద మనిషి డీఎన్ఏ లేకుండా చూడడానికే 2016లో ఐఎస్ఓ 18385 అనే ప్రమాణం వచ్చింది.

నాలుగోది కూడా 2009లోనే. అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ రిపోర్టు ఒకటి, కేంద్రక డీఎన్ఏ (కణంలోని కేంద్రకంలో ఉండే డీఎన్ఏ) విశ్లేషణ తప్ప ఇంకే ఫోరెన్సిక్ పద్ధతీ ఒక ఆధారం ఫలానా మనిషిదేనని ప్రతిసారీ గట్టిగా చెప్పగలదని కచ్చితంగా రుజువు కాలేదని తేల్చింది. అప్పటి నుంచి ఈ రంగంలో పెద్ద చర్చ నడుస్తూనే ఉంది. వచ్చినవారిని "ఆ రిపోర్టు తర్వాత మీ విభాగంలో ఏం మారింది?" అని అడగండి, ఇక గంటంతా దాని మీదే సాగినా ఆశ్చర్యం లేదు.

4. ఈ ఒక్క లెక్క నేర్చుకుని వెళ్లండి

ఇది వదిలేయొద్దు. నేరస్థలంలో దొరికిన నమూనాలో ఒక లక్షణం ఉంది, అది 100 మందిలో ఒకరికి ఉంటుంది, అనుమానితుడికీ ఉంది. అంటే అతను చేసి ఉండే అవకాశం 99 శాతమా? కాదు. 10 లక్షల మంది ఉన్న నగరం అనుకోండి, ఆ లక్షణం 10,000 మందికి ఉంటుంది. వేరే ఆధారం ఏమీ లేకపోతే అతను ఆ పదివేల మందిలో ఒకడు మాత్రమే. "నిర్దోషి అయితే ఈ లక్షణం కలిసే అవకాశం ఎంత" అన్నదీ, "ఈ లక్షణం కలిసింది కాబట్టి నిర్దోషి అయ్యే అవకాశం ఎంత" అన్నదీ రెండు వేర్వేరు ప్రశ్నలు. కోర్టుల్లో కూడా ఈ రెండూ కలిసిపోయిన సందర్భాలున్నాయి, దానికి ప్రాసిక్యూటర్స్ ఫాలసీ అని పేరు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల నిపుణులు "ఇది ఇతనిదే" అనకుండా, "ఇది ఇతనిదైతే ఈ ఫలితం రావడం, వేరేవాళ్లదైతే రావడం కన్నా ఇన్ని రెట్లు సంభావ్యం" అంటారు. దీన్నే లైక్లీహుడ్ రేషియో అంటారు. ఇది తెలిసి వెళ్తే మీరు సరదాకి రాలేదని రెండో నిమిషంలోనే వారికి అర్థమవుతుంది. స్టాటిస్టిక్స్ అంటే భయపడి బయాలజీ తీసుకున్నవాళ్లకు చిన్న హెచ్చరిక కూడా ఇది, ఈ రంగంలో ఆ భయాన్ని వదిలించుకోక తప్పదు.

5. ప్రశ్నలు తయారుచేసుకోవడం

ఒక కిటుకు చెప్తాను. "సాధారణంగా" అని మొదలయ్యే ప్రశ్నని "పోయినసారి" అని మార్చండి. "మీ రోజు సాధారణంగా ఎలా ఉంటుంది?" అంటే పుస్తకంలో ఉన్న జవాబు వస్తుంది. "పోయిన వారం ఆఫీసులో ఏం చేశారు మేడం?" అంటే రెండు రోజులు గ్రాంట్ అప్లికేషన్ రాశానని, ఒక రోజంతా మెషిన్ క్యాలిబ్రేషన్ కుదరలేదని, ఒక మధ్యాహ్నం విద్యార్థి థీసిస్ దిద్దానని చెప్తారు. అదే మీకు కావాల్సింది, ఎందుకంటే రేపు మీరు ఆ ఉద్యోగంలోకి వెళ్తే మీ రోజులూ అలాగే ఉంటాయి. నేరస్థలానికి పరుగెత్తడం కన్నా కంప్యూటర్ ముందు కూర్చోవడమే ఎక్కువ, అది నచ్చుతుందా లేదా అని ఇప్పుడే ఆలోచించుకోవచ్చు.

దారి గురించి అడగాలంటే "ఏ కోర్సు మంచిది?" అనొద్దు. "డిగ్రీలో ఎవరూ నేర్పకపోయినా తర్వాత కష్టపడి నేర్చుకోవాల్సి వచ్చింది ఏది?" అనండి. "కెమిస్ట్రీ చదివినవారినీ ఫోరెన్సిక్ సైన్స్ చదివినవారినీ పక్కపక్కన పెడితే మీ ల్యాబ్‌లో మీరు ఎవర్ని తీసుకుంటారు, ఎందుకు?" అనండి. ఈ రెండో ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు, కొన్ని ల్యాబులు గట్టి కెమిస్ట్రీ లేదా బయాలజీ డిగ్రీనే అడుగుతాయి, ఫోరెన్సిక్ సంగతులు లోపల నేర్పుకుంటాయి. "ఈ రంగం వదిలేసిన మీ స్నేహితులు ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అన్నది కూడా మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. ఫార్మా కంపెనీల క్వాలిటీ విభాగాలు, క్రీడాకారుల డోపింగ్ పరీక్షలు, ఇన్సూరెన్స్ దర్యాప్తులు, సైబర్ సెక్యూరిటీ, ఇలా మీరు ఊహించని తలుపులు తెరుచుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది సందేహం గురించిన ప్రశ్న. "ఫలితం తేలకపోతే రిపోర్టులో ఏం రాస్తారు? అలా రాస్తే దర్యాప్తు అధికారులు ఒత్తిడి చేస్తారా?" ఒకసారి ఇలాంటి ముచ్చటలోనే వెనక వరుసలో కూర్చున్న ఒకమ్మాయి మెల్లగా "మీరు పొరపాటు చేసిన రోజు ఏదైనా ఉందా మేడం?" అని అడిగింది. వచ్చినావిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు రెండు ట్యూబుల లేబుళ్లు మార్చేశానని, ఫలితం ఎంతో చక్కగా రావడంతో ఎవరికీ అనుమానం రాలేదని, నమూనా ఏదీ వేయకుండా బ్లాంక్‌గా ఉండాల్సిన ట్యూబులో ఏదో కనిపించడం వల్లే దొరికానని చెప్పారు. అప్పటి నుంచి చక్కగా వచ్చిన ఫలితాన్నే ముందు అనుమానిస్తానన్నారు. ఆ రోజు లెక్చర్‌లో ఏం చెప్పారో నాకు గుర్తులేదు, ఇది మాత్రం గుర్తుంది.

6. అడగకూడనివి

నడుస్తున్న కేసుల గురించి అడగొద్దు. టీవీలో అందరూ మాట్లాడుకుంటున్న కేసు అయితే అసలే వద్దు. వారు దాచిపెట్టాలని కాదు, రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వస్తే ఈరోజు సరదాగా అన్న మాటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో వారి ముందుకు రావచ్చు. పైగా ప్రతి కేసు వెనకా ఒక కుటుంబం ఉంటుంది. శవాల ఫోటోలు చూపించమనడం, "మీరు చూసినవాటిలో అన్నిటికన్నా దారుణమైనది ఏది?" అనడం కూడా వద్దు, ఎదుటి మనిషి మర్చిపోవాలనుకుంటున్నదాన్ని మన కుతూహలం కోసం తవ్వినట్టవుతుంది.

"ఎవరికీ దొరక్కుండా ఎలా చేయొచ్చు?" అని నవ్వుతూ అడిగేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. ఆ ప్రశ్నతో వాతావరణం చెడుతుంది, మీ స్నేహితుడే అయితే ముందే చెప్పి ఆపండి. ఉద్యోగం, ఇంటర్న్‌షిప్, సిఫార్సు లేఖ కూడా ఆరోజు అడగొద్దు. మీ ఇంట్లో ఏదైనా కేసు నడుస్తుంటే, ఆ బాధ ఎంత నిజమైనా, అందరి ముందూ కాదు, విడిగా "ఇలాంటప్పుడు ఎవర్ని కలవాలి?" అని మాత్రం అడగండి.

మనసు మీద పడే బరువు గురించి అడగొచ్చు, కానీ దారి వేరు. "ఏం చూశారు?" అనకుండా "ఇలాంటి పని చేసేవారికి మీ సంస్థలో ఎలాంటి తోడ్పాటు ఉంటుంది? మీకు ఏది పనికొచ్చింది?" అనండి. చెప్పాలనిపిస్తే చెప్తారు, లేదంటే పక్కకి తప్పుకునే వీలు ఇచ్చినట్టు ఉంటుంది. అలాగే ఈ ఉద్యోగాలకు ముందు మీ గతం పరిశీలిస్తారు, చాలా ల్యాబుల్లో సిబ్బంది డీఎన్ఏ కూడా తీసుకుని పెట్టుకుంటారు, పొరపాటున వాళ్లదే నమూనాలో కలిస్తే గుర్తుపట్టడానికి. దాని గురించి మొహమాటం లేకుండా అడగండి.

7. ఆ రోజు

గుంపు ఆరుగురు ఎనిమిది మంది దాటకపోతే మంచిది. ఎక్కువమంది ఉంటే అది మళ్లీ లెక్చర్ అయిపోతుంది. కుర్చీలు గుండ్రంగా వేసుకోండి. ఒకరు టైమ్ చూసుకోవాలి, వారే మొదటి ప్రశ్న కూడా అడగాలి, అది తేలికైనదై ఉండాలి, "ఈ రంగంలోకి అనుకునే వచ్చారా, అనుకోకుండానా?" లాంటిది. పరిచయం రెండు వాక్యాల్లో ముగించండి. మార్కులు, ర్యాంకులు చెప్పొద్దు, మీకు ఏం తెలుసుకోవాలని ఉందో చెప్పండి.

మాట్లాడటానికి టెన్షన్ పడేవారు ప్రశ్న చీటీ మీద రాసి పక్కవారికి ఇవ్వచ్చు. ఇంగ్లిష్‌లో తడబడతామని నోరు మూసుకోవద్దు, వచ్చిన భాషలో అడగండి, అవసరమైతే పక్కవారు మార్చి చెప్తారు. రికార్డింగ్ అడక్కుండా పెట్టొద్దు. నా మటుకు నేనైతే అడగనే అడగను, ఫోన్ బల్ల మీదికి రాగానే మనిషి జాగ్రత్తగా మాట్లాడడం మొదలుపెడతారు. నోట్స్ రాసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న వేశాక ఆగండి. వారు ఆలోచిస్తూ మౌనంగా ఉంటే ఆ ఖాళీ నింపడానికి ఇంకో ప్రశ్న వేసేస్తాం మనం. ఐదు సెకన్లు ఓపిక పట్టండి. "అది పరిస్థితిని బట్టి ఉంటుంది" అన్నారనుకోండి, నిరాశపడొద్దు, "ఏ పరిస్థితిలో ఎలా? ఒక ఉదాహరణ చెప్తారా?" అనండి. మీ జాబితాలో తర్వాతి ప్రశ్న కన్నా ఇప్పుడు విన్న జవాబులోంచి పుట్టిన ప్రశ్నే ఎప్పుడూ మంచిది. చెప్పిన టైముకి ముగించండి, వారే కూర్చుంటామంటే తప్ప.

8. ఆ తర్వాత

అదేరోజు రాత్రి పడుకునే ముందు నోట్స్ శుభ్రంగా రాయండి. ఒకవైపు వారు అన్నమాటలు, ఇంకోవైపు మీకు అనిపించింది. రెండూ కలపొద్దు, ఫోరెన్సిక్ రిపోర్టులో చూసినదాన్నీ దానికి చెప్పుకున్న అర్థాన్నీ విడిగా రాస్తారు కదా, ఆ అలవాటు ఇక్కడే మొదలుపెట్టొచ్చు. ఒక్కరు చెప్పింది మొత్తం రంగం కాదు, వీలైతే ఇంకో విభాగం వారిని కూడా కలవండి.

మర్నాడు నాలుగు లైన్ల మెయిల్ పంపండి. "మీ అమూల్యమైన సమయం కేటాయించినందుకు" అని మొదలుపెట్టే ఉత్తరాలు అందరూ పంపుతారు. మీరు వారన్న ఒక్క మాటను, అది మీకు ఎందుకు నిలిచిపోయిందో రాయండి. రెజ్యూమె జత చేయొద్దు.

తర్వాత ఒక చిన్న పని చేయండి. ఐదారుగురు స్నేహితుల బూట్లు తీసుకుని తడి మట్టి మీద, కాగితం మీద, దుమ్ము పట్టిన పలక మీద ముద్రలు వేయించండి. నంబర్లు వేసి ఫోటోలు తీసి, ఏది ఎవరిదో తెలియని ఇంకో స్నేహితుడికి ఇచ్చి జత కలపమనండి. ఎన్ని తప్పాయో లెక్క రాసుకోండి. తర్వాత ఇంకొకరికి అవే ఫోటోలు ఇచ్చి, ఈసారి "ఇది ఫలానావాడిదే అని మాకు అనుమానం" అని ఒక అబద్ధపు మాట చెప్పి చూడండి. అంతా అయ్యాక ఆ మాట అబద్ధమని వాళ్లకి చెప్పేయండి. నెల తర్వాత ఆ పట్టికను రెండో మెయిల్‌లో పెట్టి, "మేడం, 20 ముద్రల్లో ఇన్ని తప్పాయి, అనుమానం చెప్పినప్పుడు ఇన్ని తప్పాయి. ఇంత తక్కువ ముద్రలతో ఏమైనా చెప్పొచ్చా, ఇంకా ఎన్ని కావాలి?" అని అడగండి.